వేణువు ఎక్కింది, వయొలిన్ దిగింది: బీచ్ రోడ్డు మీద శ్రుతి ఎక్కడ తప్పింది?

ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. ఎంవీపీ కాలనీలో ఏసీ గదిలో మీరు ముగ్గురు, నువ్వు వయొలిన్, మీ ఫ్రెండ్ ఫ్లూట్, ఇంకో అబ్బాయి కీబోర్డ్, ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని ఐదు శ్రుతికి చక్కగా కలుపుకున్నారు. గంట తర్వాత, మే నెల సాయంత్రం, బీచ్ రోడ్డు పక్కన వేసిన స్టేజీ ఎక్కి మొదటి కీర్తన ఎత్తుకోగానే ఫ్లూట్ పైకి పోయింది, నీ తీగలు కిందికి జారాయి, కీబోర్డ్ అబ్బాయేమో "నాది మెషీను, తప్పయ్యే ఛాన్సే లేదు" అన్నాడు. మీ సార్ "అందరూ ఫ్లూట్‌కి కలపండి" అని ఒక్క మాట అనేసి ఊరుకున్నారు. తప్పెవరిది అని నీ ప్రశ్న. దానికి తోకలా ఇంకోటి: యాప్‌లో పచ్చ లైటు వెలిగినా కీబోర్డ్ గాంధారం (సరిగమల్లో 'గ') చెవికి ఎందుకు ఆనడం లేదు అని.

తప్పు ముగ్గురిలో ఎవరిదీ కాదు. మీ సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట, కారణం చెప్పే టైమ్ ఆయనకి అక్కడ లేదంతే. నేను చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు. నేను ఇక్కడే విశాఖలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్లు చేసి రిటైరయ్యాను. పగలంతా సోనామీటర్లు, శ్రుతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు), అనునాద స్తంభాలు, సాయంత్రమైతే వయొలిన్. మా అమ్మాయి కన్నా చిన్నదానివి కాబట్టి నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు తల్లీ.

అసలు శబ్దం అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. సింహాచలం చందనోత్సవం క్యూలో ఎప్పుడైనా నిలబడ్డావా? వెనక ఎవడో ఒకడు తోస్తాడు, వాడి ముందువాడు తూలి తన ముందువాడి మీద పడతాడు, మళ్లీ వెనక్కి సర్దుకుంటాడు, ఆ తోపు మాత్రం క్యూ అంతా పాక్కుంటూ గుడి గుమ్మం దాకా పోతుంది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, ముందుకి పోయింది తోపు ఒక్కటే. గాలిలో శబ్దం వెళ్లేది అచ్చం ఇలాగే. నీ వయొలిన్ దగ్గర గాలి నా చెవి దాకా రాదు, దాని దగ్గర పుట్టిన ఒత్తిడి వస్తుంది, ఒకచోట గాలి కిక్కిరిసి, పక్కన పలచబడి, మళ్లీ కిక్కిరిసి. ఆ కిక్కిరిసే చోట్లు సెకనుకి ఎన్నిసార్లు చెవిని తాకుతాయో దాన్నే పౌనఃపున్యం అంటాం, హెర్ట్జ్‌లలో చెప్తాం. మన చెవికి సుమారు 20 నుంచి 20,000 దాకా వినిపిస్తుంది, నా వయసొచ్చేసరికి పై అంకె బాగా పడిపోతుంది. మీరు పెట్టుకున్న ఐదు శ్రుతి అంటే కీబోర్డ్ మీద జి స్వరం. కింది స్థాయిలో అది 196 హెర్ట్జ్, దాని పై స్థాయిలో సరిగ్గా రెట్టింపు, 392. ఈ రెండంకెలూ గుర్తుపెట్టుకో, చివరిదాకా ఇవే వాడతాను.

ఇప్పుడు నీ తీగ సంగతి. ల్యాబ్‌లో సోనామీటర్ ప్రయోగం ఉంటుంది, ఒక చెక్కపెట్టె మీద తీగ బిగించి, చివర కప్పీ మీదుగా అరకిలో బరువులు ఒక్కోటీ వేలాడదీస్తూ పోతాం. మన పిల్లలందరూ ఏటా కనిపెట్టేది ఒక్కటే: బరువు నాలుగింతలు చేస్తే గానీ స్వరం పై స్థాయికి ఎక్కదు. అంటే తన్యత, తీగ బిగువు, రెండు శాతం పెరిగితే స్వరం ఒక్క శాతమే పెరుగుతుంది. పొడవు సగం చేస్తే మాత్రం వెంటనే పై స్థాయి. తీగ బరువెక్కితే స్వరం దిగుతుంది, అందుకే నీ నాలుగో తీగ మీద సన్నటి తీగ ఇంకోటి చుట్టి ఉంటుంది. మెర్సెన్ అనే ఫ్రెంచి మతాచార్యుడు 1636లోనే ఈ లెక్కలన్నీ అచ్చు వేయించాడు, మనం ఇంకా రికార్డు పుస్తకాల్లో అవే రాస్తున్నాం.

వేడి తగిలితే ఏమవుతుంది? ఉక్కు తీగ సాగుతుంది. ఎంత అంటే నవ్వొస్తుంది. వయొలిన్ మీద మోగే తీగ పొడవు 33 సెంటీమీటర్లు అనుకో, పది డిగ్రీలు పెరిగితే అది సాగేది ఒక మిల్లీమీటర్‌లో ఇరవై అయిదో వంతు, తలవెంట్రుక మందం కన్నా తక్కువే. కానీ మనం బిరడ (తీగ కొస చుట్టి ఉండే మేకు) తిప్పి తీగని శ్రుతికి తెచ్చేటప్పుడు కూడా అది సాగేది మొత్తం మీద ఏ మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో. అంత చిన్న సాగుడు మీదే తన్యత అంతా ఆధారపడి ఉంది కాబట్టి, అందులో వెంట్రుకంత వదులైనా చెవికి పట్టుబడుతుంది. తీగ బిగించిన చెక్క తన పొడవునా వేడికి అంతగా సాగదు, కాబట్టి తీగ వదులైన మేరకు వదులే, స్వరం దిగుతుంది. స్టేజీ లైట్లు నెత్తి మీద ఉంటే ఇంకా దిగుతుంది. ఇది చాలనట్టు ఏసీ గది పొడిగాలికి బిరడ రంధ్రంలో కాస్త కుంచించుకుని జారుతుంది, బయటి తేమకి ఉబ్బి బిగుసుకుని తిరగనంటుంది. విశాఖలో వయొలిన్ పట్టినవాళ్లందరూ పడే బాధే ఇది. బిరడలకి సబ్బు రాసేవాళ్లున్నారు, సుద్ద రాసేవాళ్లున్నారు, నేను రెండూ కలిపి రాస్తాను.

ఫ్లూట్ కథ పూర్తిగా వేరు. ఇక్కడే అందరూ పొరబడతారు, వెదురు వేడికి సాగి స్వరం మారుతుంది అనుకుంటారు. వెదురు సాగితే గొట్టం పొడుగై స్వరం దిగాలి కదా, మీ ఫ్రెండ్ ఫ్లూట్ ఎక్కింది! ఎందుకంటే ఫ్లూట్‌లో మోగేది వెదురు కాదు, లోపలి గాలి. చిన్నప్పుడు మా ఇంట్లో కుళాయి కింద బిందె పెట్టి మా అమ్మ వంటింట్లోంచే "నిండిపోతోంది, కట్టెయ్" అని కేకేసేది, చూడకుండా. నీళ్లు పైకొచ్చేకొద్దీ బిందెలో మిగిలిన గాలి తగ్గిపోతుంది, దాంతో బిందె మోత సన్నబడుతూ పైకి పోతుంది, ఆవిడకి ఆ స్వరం తెలుసు. మా ల్యాబ్‌లో అనునాద స్తంభం అని గాజుగొట్టంలో నీళ్లు పైకీ కిందికీ చేస్తూ చూసేది ఇదే, పేరు మాత్రమే పెద్దది.

గొట్టంలో గాలి ఏ స్వరంలో మోగాలో రెండు విషయాలు తేలుస్తాయి, గొట్టం పొడవు, ఆ గాలిలో శబ్దం పరుగెత్తే వేగం. రెండువైపులా తెరిచిన గొట్టంలో ఒత్తిడి అలలు అటూ ఇటూ తిరుగుతూ కుదురుకుంటాయి, అలా కుదురుకోవాలంటే గొట్టం పొడవు తరంగదైర్ఘ్యంలో, అంటే ఒక కిక్కిరిసిన చోటి నుంచి తర్వాతి కిక్కిరిసిన చోటికి ఉన్న దూరంలో, సగం ఉండాలి. పొడవు మారదు కాబట్టి తరంగదైర్ఘ్యం మారదు. ఇక వేగం పెరిగితే? అదే పొడవులో అలలు ఇంకా చకచకా తిరుగుతాయి, స్వరం పైకి పోతుంది. వేగం వేడితో పెరుగుతుంది: సున్నా డిగ్రీల దగ్గర సెకనుకి 331 మీటర్లు, ఆ పైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.6 మీటర్లు కలుపుకుంటూ పో. మీ ఏసీ గది 22 డిగ్రీలు అనుకుంటే 344 మీటర్లు, బీచ్ రోడ్డు మీద మే సాయంత్రం 33 డిగ్రీలు అనుకుంటే 351 దగ్గర. రెండు శాతానికి కాస్త తక్కువ. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ 392లో అది ఏడున్నర హెర్ట్జ్! 392 నుంచి పక్కనున్న నల్లమెట్టు 415, మధ్య దూరం 23. అంటే పక్కమెట్టుకి వెళ్లే దారిలో మూడోవంతు నడిచేసింది ఫ్లూట్.

నిజానికి పూర్తిగా అంత ఉండకపోవచ్చు, ఊదేటప్పుడు నోటి వెచ్చదనం వల్ల ఏసీలో కూడా గొట్టం లోపలి గాలి గది కన్నా వెచ్చగానే ఉంటుంది. అందుకే ఏసీలో మొదటి పది నిమిషాలు ఫ్లూట్ దిగి ఉండి, వాయించేకొద్దీ మెల్లగా ఎక్కుతుంది. మీరు బహుశా అది వెచ్చబడకముందే కలిపేసుకుని ఉంటారు. మరి తేమ? సముద్రం పక్కన కదా, తేమ వల్ల మారిందేమో అని చాలామంది అంటారు. నీటి ఆవిరి గాలి కన్నా తేలిక, కాబట్టి తేమ గాలిలో శబ్దం కాస్త వేగంగానే పోతుంది, కాకపోతే ఆ తేడా ఒక శాతం కూడా ఉండదు. అసలు దోషి వేడే.

మా ల్యాబ్‌లో దీనికి ప్రతి ఏడాదీ ఒక తమాషా జరిగేది. 512 హెర్ట్జ్ శ్రుతిదండంతో అనునాద స్తంభం చేస్తే జనవరి బ్యాచ్‌కి వచ్చిన గాలి పొడవు కన్నా మే నెల సప్లిమెంటరీ బ్యాచ్‌కి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు ఎక్కువొచ్చేది. పిల్లలేమో పాత రికార్డులు చూసి కాపీ కొట్టేవాళ్లు. ఉక్కపోతకి ఫ్యాను కింద కూర్చుని జనవరి అంకె రాసేసేవాళ్లు, నేను గోడమీద థర్మామీటర్ చూసి ఎవడు కొలిచాడో ఎవడు కొట్టాడో చెప్పేసేవాణ్ణి. వాళ్లకి నేనేదో మంత్రగాడిలా కనిపించేవాణ్ణి.

ఒక పక్కదారి, తర్వాత మళ్లీ నీ స్టేజీ దగ్గరికి వస్తాను. శబ్దవేగానికి మొదట లెక్క కట్టినవాడు న్యూటన్, 1687లో. పదిహేను శాతం దాకా తక్కువొచ్చింది. గాలి నొక్కుకున్నప్పుడు వేడెక్కుతుందనీ, శబ్దం అంత గబగబా పోతుంటే ఆ వేడి బయటికి జారుకునే టైమే ఉండదనీ ఆయన పట్టించుకోలేదు. నూటపాతికేళ్ల పైన గడిచాక లాప్లాస్ సరిదిద్దాడు. ఇంటర్‌లో చదివే ఉంటావు, న్యూటన్ అంతటివాడు కూడా శబ్దవేగం విషయంలో పప్పులో కాలేశాడని గుర్తుపెట్టుకుంటే పరీక్షలో మర్చిపోవు. ఈ వేగాన్ని కళ్లతో చూడాలంటే ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు జరిగేటప్పుడు వెళ్లు. దూరంగా ఓడ మీద తుపాకీ మెరుపు కనిపించగానే మనసులో లెక్కపెట్టు, మోత చెవిన పడేసరికి మూడు సెకన్లయితే అది కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. నీళ్లలోనైతే శబ్దం సెకనుకి 1,500 మీటర్ల దాకా పరుగెడుతుంది, అదే బీచ్‌లో ఒడ్డున పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లాంటివి చుట్టూ ఏముందో చెవులతోనే చూసేవి.

సరే, ఇప్పుడు మూడోవాడు, కీబోర్డ్ అబ్బాయి. వాడి స్వరం పుట్టేది ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం కొట్టే గడియారం నుంచి, దాని మీద బీచ్ రోడ్డు ఎండ ప్రభావం చెవికి తెలిసేంత ఉండదు. అంటే వాడు చెప్పింది నిజమే, వాడిది కదల్లేదు. మీ ముగ్గురిలో ఒకరు పైకి పోయారు, ఒకరు కిందికి పోయారు, ఒకరు ఉన్నచోటే ఉన్నారు. శ్రుతి చెడకుండా ఎలా ఉంటుంది? అది విన్నవాళ్లకి ఎలా వినిపించి ఉంటుందో కూడా లెక్క ఉంది. 392, 399 హెర్ట్జ్ స్వరాలు రెండూ ఒకేసారి మోగితే అవి ఒకసారి కలిసొచ్చి గట్టిగా, ఒకసారి ఎదురై మెల్లగా, సెకనుకి ఏడుసార్లు ఎగసిపడతాయి. పుస్తకంలో వీటిని విస్పందనాలు అంటారు. సెకనుకి ఒకటి రెండు ఉంటే అల ఊగినట్టు మెత్తగా ఉంటుంది, ఏడెనిమిదికి వెళ్తే గరగరలాడుతుంది, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు.

ఈ విస్పందనాలే నీకు అసలు ట్యూనర్. యాప్ కన్నా నమ్మకమైనది, పైగా ఛార్జింగ్ అక్కర్లేదు. రెండు తీగలు కలిపి కమాను వేసి బిరడ తిప్పుతూ విను, వావ్..వావ్..వావ్ అని గబగబా ఊగేది నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఒకచోట ఆగిపోతుంది. ఆ ఆగిన చోటే శ్రుతి. మా గురువుగారు దీన్ని "తీగ పడుకుంది" అనేవారు, ఆయనకి హెర్ట్జ్ అంటే ఏంటో తెలీదు.

ఇక్కడినుంచి నీ రెండో ప్రశ్న, పచ్చ లైటు వెలిగినా గాంధారం ఎందుకు ఆనదు. నాకు ఈ ప్రశ్నే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే చాలామంది చెవి మూసుకుని లైటుని నమ్మేస్తారు.

నువ్వు 196 మీద కమాను వేస్తే తీగ ఒక్క 196 దగ్గరే ఆగదు. మొత్తం తీగ ఒక ముక్కగా ఊగుతూనే, రెండు సగాలుగా, మూడు ముక్కలుగా, నాలుగు ముక్కలుగా, ఇలా ఒకేసారి ఊగుతుంది. అంటే 196తో పాటు 392, 588, 784, 980 కూడా లోపల సన్నగా మోగుతుంటాయి, వీటిని అనుస్వరాలు అంటారు. ఏది ఎంత పాళ్లలో ఉందో దాన్నిబట్టే ఇది వయొలిన్, ఇది సన్నాయి, ఇది మా పక్కింటావిడ గొంతు అని తెలుస్తుంది, స్వరం ఒకటే అయినా. ఇప్పుడు ఆ అంకెల్ని మన స్వరాలుగా చదువు: 196 షడ్జమం (స), 392 పై షడ్జమం, 588 పంచమం (ప), 784 మళ్లీ షడ్జమం, 980 అంతర గాంధారం. గమనించావా? గాంధారం ఎవరూ వాయించకుండానే షడ్జమంలో దాక్కుని ఉంది. మంచి తంబురా పక్కన నిశ్శబ్దంగా పది నిమిషాలు కూర్చుంటే అది తేలి వస్తుంది, పెద్దవాళ్లు స్వయంభూ గాంధారం అనేది దీన్నే. మొదటిసారి విన్నప్పుడు ఇంకెవరో పాడుతున్నారని వెనక్కి తిరిగి చూశాను.

కాబట్టి నీ చెవికి గాంధారం ఎక్కడ ఉండాలో షడ్జమమే చెప్పేస్తోంది. 980ని రెండు స్థాయిలు కిందికి దించు, అంటే నాలుగుతో భాగించు, 245 వస్తుంది. షడ్జమానికి అయిదు బై నాలుగు. పంచమం అలాగే మూడు బై రెండు, 294. ఇవి ప్రకృతి ఇచ్చిన నిష్పత్తులు.

కీబోర్డ్ ఈ నిష్పత్తుల్ని పాటించదు. కావాలని పాటించదు. కీబోర్డ్ మీద ఏ మెట్టునైనా షడ్జమం చేసుకుని వాయించుకోవాలంటే పన్నెండు మెట్ల మధ్య దూరం సమానంగా ఉండి తీరాలి, ఒక్కో మెట్టుకీ సుమారు 1.0595తో హెచ్చవేసుకుంటూ పోతే పన్నెండో మెట్టుకి సరిగ్గా రెట్టింపు అవుతుంది. ఆ లెక్కలో పంచమం 293.67 దగ్గర పడుతుంది, మన 294కి చాలా దగ్గర, పర్లేదు. గాంధారం మాత్రం 246.94. రెండు హెర్ట్జ్ ఎక్కువ. రెండేగా అంటావేమో, అనుస్వరాల దగ్గర చూడు: అసలు స్వరాన్నే మొదటిదిగా లెక్కపెడితే షడ్జమం అయిదో అనుస్వరం 980, ఈ గాంధారం నాలుగో అనుస్వరం 987.8. సెకనుకి దాదాపు ఎనిమిది విస్పందనాలు. మళ్లీ చేపముల్లు! నీ యాప్ మామూలుగా ఈ సమాన మెట్ల లెక్కకే పచ్చ లైటు వేస్తుంది. అంటే లైటు అబద్ధం చెప్పలేదు, నువ్వు అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది. నీ చెవి బాగుంది, దాన్ని పాడుచేసుకోకు.

హార్మోనియం మీద పాత గొడవలో ఇది కూడా ఒక భాగం. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించింది తెలుసా? మెట్ల మధ్య జారలేదు, గమకం పలకదు, శ్రుతి సమాన మెట్లది, విదేశీ వాద్యం, ఇలా రకరకాల కారణాలు చెప్పారు. మన పద్యనాటకాల వాళ్లు అదే హార్మోనియం మీద రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టారు కాబట్టి ఆ నిషేధం నాకైతే కాస్త అతిగానే అనిపిస్తుంది. అయినా శ్రుతి విషయంలో వాళ్ల అభ్యంతరంలో ఫిజిక్స్ లేకపోలేదు.

మన ఊరి ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. సి.వి. రామన్ చిన్నతనం విశాఖలోనే గడిచింది. వాళ్ల నాన్నగారు ఇక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్, ఈయన సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ అయిపోయాడు. రామన్ అంటే అందరికీ 1930 నోబెల్, కాంతి, ఇవే గుర్తొస్తాయి, కానీ అంతకుముందు ఆయన మన వాద్యాల మీద చాలా పనిచేశాడు. 1921లో వీణ, తంబురాల మీద రాసిన పరిశోధన ఇప్పటికీ చెప్పుకుంటారు. తంబురా బ్రిడ్జి పైభాగం కాస్త వంపుగా ఉంటుంది, దాని మీద తీగ కింద నూలుపోగు పెడతారు కదా, తీగ ఊగుతూ ఆ వంపుని రాసుకుంటూ పోతుంది. మామూలు తీగనైతే ఒక అనుస్వరం నిశ్చలంగా ఉండే చోట మీటితే ఆ అనుస్వరం మోగకూడదు, తంబురాలో మాత్రం మోగుతుంది అని ఆయన చూపించాడు. ఆ నూలుపోగు వెంట్రుకవాసి జరిపితే తంబురా ఎందుకు ప్రాణం పోసుకుంటుందో, జరపకపోతే ఎందుకు చచ్చినట్టు మోగుతుందో అందులో ఉంది.

మృదంగం మీద ఇంకా గొప్ప పని చేశాడు. మామూలు డప్పు చర్మం మీద కొడితే వచ్చే స్వరాలు 1, 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేకుండా ఉంటాయి, అందుకే డప్పుకి దరువు ఉంటుంది గానీ శ్రుతి ఉండదు. మృదంగం కుడివైపు మధ్యలో నల్లటి పూత వేస్తారే, ఆ బరువు వల్ల ఆ పొంతన లేని స్వరాలు 1, 2, 3, 4, 5 నిష్పత్తిలోకి వచ్చి కూర్చుంటాయి, తీగ అనుస్వరాల్లాగా. అందుకే మృదంగాన్ని షడ్జమానికి కలపగలుగుతాం. 1920లో ఒక సహచరుడితో కలిసి ఈ సంగతి మొదట ప్రకటించాడు. ఏ లెక్కలూ రాని మన మృదంగం చేసేవాళ్లు చెవితోనే పూత ఒక్కో పొర ఎక్కిస్తూ ఆ నిష్పత్తికి చేరారు, అది తలుచుకుంటే నాకు రామన్ కన్నా వాళ్లమీదే గౌరవం ఎక్కువ.

మరి తర్వాతిసారి ఏం చెయ్యాలి? ఫ్లూట్‌కి బిరడలు లేవు. వాయించేవాళ్లు పెదవి దగ్గర గొట్టాన్ని లోపలికి తిప్పి స్వరాన్ని కాస్త దించగలరు, కానీ కీర్తన పొడవునా అలా తిప్పి పట్టుకుంటే నాదం నలిగిపోతుంది. నీకు బిరడలున్నాయి, కీబోర్డ్‌కి సెట్టింగ్ ఉంది. మార్చుకోలేని వాళ్లకి మార్చుకోగలిగిన వాళ్లు కలవాలి, మీ సార్ మాటకి అర్థం అదే. స్టేజీ దగ్గరికి గంట ముందే చేరి వాద్యాలన్నీ పెట్టెల్లోంచి తీసి నీడలో బయట గాలికి ఉంచండి, ఎండలో మాత్రం పెట్టకు, వయొలిన్ జిగురు ఊడుతుంది. మీ ఫ్రెండ్‌ని పది నిమిషాలు ఊరికే ఊదమను. గొట్టం వెచ్చబడ్డాక తన షడ్జమం పట్టుకోమని, యాప్‌లో అది ఎంత హెర్ట్జ్ ఉందో చూడు. యాప్ అక్కరకొచ్చేది ఇక్కడ. 399 వచ్చిందనుకో, కీబోర్డ్ అబ్బాయిని సెట్టింగ్స్‌లో ట్యూనింగ్ అని ఉండేచోటికి వెళ్లమను. చాలా కీబోర్డ్‌లలో అక్కడ 440 అని ఉంటుంది, దాన్ని ఒక్కో హెర్ట్జ్ పెంచుకోవచ్చు. అది 1939లో లండన్‌లో కూర్చుని పాశ్చాత్య సంగీతం వాళ్లు ఒప్పుకున్న అంకె, మనకి దాంతో పనిలేదు, మనం గొంతుకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడే షడ్జమం పెట్టుకునే వాళ్లం. 392కి 440 అయితే 399కి 448 దగ్గర. అక్కడ పెట్టి, ఫ్లూట్‌తో కలిపి వాయించి, గరగర పోయేదాకా ఒకటో రెండో అటూ ఇటూ జరపమను. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వాడితే దానికీ సన్నగా జరిపే నాబ్ ఉంటుంది, దాన్నీ అక్కడికే తీసుకురండి. ఆ తర్వాత నువ్వు నీ రెండో తీగని ఫ్లూట్ షడ్జమానికి విస్పందనాలు ఆగేదాకా కలుపు, మిగతా తీగలు దానికి కలుపుకో. పంచమాలు కీబోర్డ్ చూసి కలపకు, నీ షడ్జమం తీగతో కలిపి కమాను వేసి చెవితో కలుపు.

గాంధారానికి మందు లేదు, కీబోర్డ్ ఉన్నంతసేపూ అది అలాగే ఉంటుంది. శంకరాభరణం, కల్యాణి లాంటి రాగాల్లో గాంధారం మీద నువ్వు నిలబడేటప్పుడు కీబోర్డ్ అబ్బాయి ఆ మెట్టు మీద చెయ్యి తీసేస్తే చాలు, షడ్జమం పంచమం పట్టుకుని కూర్చోమను. వాడు ఒప్పుకోకపోతే ఈ 980, 987.8 లెక్క చూపించు.

మృదంగం కూడా ఉంటే ఆయన్ని ఆఖర్న కలుపుకోమనండి. సముద్రపు తేమకి చర్మం మెత్తబడుతుంది, ముందే కలిపేసుకుంటే మీ ముగ్గురూ తేలేలోపు మళ్లీ దిగిపోతుంది, సుత్తి దెబ్బలన్నీ వృథా.